రెండో కన్ను మీద బొటనవేలు

మీరు మొన్న తిన్న వేపుడులోని రొయ్యకు ఒక తల్లి ఉండి ఉంటుందనీ, ఆ తల్లికి ఎన్ని కళ్ళు మిగిలి ఉంటాయనీ మీకెప్పుడైనా ప్రశ్న కలిగిందా?

నాకు కలగలేదు. నెల్లూరులో డిగ్రీ చదువుతూ, ఏ మాటనైనా ఆధారం అడగకుండా అంగీకరించకూడదని వక్తృత్వ పోటీల్లో శిక్షణ పొందినదాన్ని. మా ఊరు విడవలూరు వైపు. ఇంటి నుంచి సముద్రానికి వెళ్ళే దారి పొడవునా రొయ్యల చెరువులే. చెరువు నీళ్ళకు గాలి అందించే చక్రాల చప్పుడు వింటూ పెరిగిన నాకు, ఆ చెరువుల్లోకి రొయ్య పిల్ల ఎక్కడి నుంచి వస్తుందో తెలుసు కానీ ఎలా వస్తుందో తెలియదు. ఆ ప్రశ్నను నా ముందు పెట్టినవాళ్ళకు కృతజ్ఞత చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

మొదట చెప్పవలసింది మా హాస్టల్ గదిలోని స్నేహితురాలి గురించి. ఆమెది బోగోలు దగ్గర ఒక పల్లె. వాళ్ళ నాన్న వేటకు వెళతాడు. ఒక రోజు కాలేజీలో వినియోగదారుల అవగాహన కార్యక్రమం జరిగింది. షాంపూలు, లిప్‌స్టిక్‌లు బల్ల మీద పేర్చి, వాటిని జంతువుల మీద పరీక్షించారో లేదో తెలుసుకోవడానికి డబ్బా మీద కుందేలు గుర్తు ఉందేమో చూడమని విద్యార్థులకు వివరించాను. కుందేలు కళ్ళల్లో మందు చుక్కలు వేసి పరీక్షించే పద్ధతి గురించి చెప్పినప్పుడు ముందు వరుసలో కొందరు కళ్ళు తుడుచుకున్నారు. సాయంత్రం హాస్టల్ మెస్‌లో రొయ్యల పులుసు. నేను రెండోసారి వడ్డించుకుంటూ ఉంటే నా స్నేహితురాలు పళ్ళెం పక్కకు జరిపి నవ్వింది.

"కుందేలు కన్నయితే ఏడుపొస్తాది. రొయ్య కన్నయితే నోరూరుతాదా మే నీకు?"

"రొయ్య కన్నుకు ఏమైంది? ఇదిగో, రెండూ ఉండాయి కదా!" అని పళ్ళెంలోని తలకాయ ఎత్తి చూపించాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ పగలబడి నవ్వారు.

"దీనికి ఉండాయిలే. దీన్ని కన్నదానికి లేదు. మీ అక్క హేచరీలోనే గదా చేసేది, పోయి అడుగు. మైకు పట్టుకుంటే ఊరందరినీ అడుగుతావు, ఇంట్లో మాత్రం అడగవా?"

చర్చలో ఎదుటి పక్షం వేసే ప్రశ్న ఎంత పదునుగా ఉంటే అంత గౌరవించాలని మా అధ్యాపకురాలు నేర్పారు. ఆ ప్రశ్నను గౌరవించి, ఆ ఆదివారం ఇంటికి వెళ్ళాను.

మా అక్క మత్స్యశాస్త్రం చదివి, సముద్రం ఒడ్డున రొయ్య పిల్లలను పుట్టించి చెరువులకు అమ్మే ఒక హేచరీలో, తల్లి రొయ్యలను గుడ్లకు సిద్ధం చేసే విభాగంలో పనిచేస్తుంది. ఆ విభాగంలో ఉన్న ఆడమనిషి ఆమె ఒక్కతే. ఆ చదువుకు తగిన పని, ఇంటి నుంచి బండి మీద వెళ్ళి రాగలిగినంత దగ్గరలో దొరకడం మా అందరికీ పెద్ద సంతోషం. అది పోతే మళ్ళీ అలాంటి పని కోసం ఏ దూరపు జిల్లాకో పోవాలి.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక అమ్మ రొయ్యల కూర వండింది. మా ఇంట్లో భోజనానికి ముందు ప్రార్థన చేయవలసింది అందరికన్నా చిన్నవాళ్ళు; అంటే నేనే. "ఈ ఆహారం కోసం నీకు స్తోత్రం. దీన్ని పండించినవారిని, వండిన చేతులను దీవించు" అన్నది చిన్నప్పటి నుంచి నా నోటికి వచ్చిన వరుస. ఆ రోజు "వండిన చేతులను" దగ్గర నా నోరు ఆగిపోయింది. కళ్ళు మూసుకున్నవాళ్ళు ఎదురుచూస్తున్నారు.

"ఏందిమే, దేవుడికి కూడా ప్రశ్న వేస్తుండావా? కూర చల్లారిపోతా ఉంది" అన్నాడు నాన్న.

ఆమేన్ అనేసి, తల్లి రొయ్యకు కన్ను లేదన్న మాట నిజమేనా అని అక్కను అడిగాను. అక్క అన్నం కలుపుతూనే చెప్పింది. "నిజమేమే. ఒక కన్ను తీస్తాం. రొయ్య కంటి కాడలో గుడ్లు తొందరగా పెట్టనియ్యకుండా ఆపేది ఒకటి ఊరుతాది. కన్ను తీసేస్తే ఆ ఆపేది తగ్గిపోతాది. ఇంక వెంటవెంటనే గుడ్లు పెడతాది. మన ఒక్క చోటే కాదు, దాదాపు అన్ని చోట్లా ఇదే పని."

"నువ్వే తీస్తావా?"

"నేనే తీస్తా. నువ్వు తినేదీ దాని పిల్లనే. తిను."

అమ్మ చెంచా కింద పెట్టింది. "అన్నం కాడ ఇయ్యేం మాటలే!"

మరునాడు, అనుమతి తీసుకుని, అక్క నన్ను హేచరీకి తీసుకెళ్ళింది. గుమ్మంలో చెప్పులు విడిచి, మందు నీళ్ళలో కాళ్ళు ముంచి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాలి. తల్లి రొయ్యల గది చీకటిగా ఉంటుంది. నల్లటి గుడ్డలు కట్టిన గుండ్రటి తొట్లు, గాలి బుడగల శబ్దం, మందమైన ఎర్రటి దీపం. అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడరు. అలికిడికి రొయ్యలు బెదిరి ఎగిరి గోడలకు కొట్టుకుంటాయట. ఆ మౌనం చూసినప్పుడు నాకు మా చర్చి గుర్తుకొచ్చింది. ఇంత జాగ్రత్తా, ఆ కోతా ఒకే గదిలో ఎలా ఇముడుతున్నాయో నాకు అర్థం కాలేదు.

అక్క తడి చేత్తో ఒక రొయ్యను నీళ్ళలోనే ఒడిసి పట్టుకుంది. రెండో చేతిలో కాల్చిన పట్టకారు. పని రెప్పపాటులో అయిపోయింది. రొయ్య తోక ఒక్కసారి బలంగా కొట్టుకుంది. దాన్ని తొట్టిలోకి వదిలితే అడుగుకు వెళ్ళి, ఒక పక్కకు ఒరిగి తిరగసాగింది. నేను చూసింది పట్టకారును కాదు. పని జరిగినంతసేపూ అక్క బొటనవేలు ఆ రొయ్య రెండో కన్ను మీద, వెలుతురు పడకుండా, అడ్డంగా ఉంది.

బయటికి వచ్చాక అడిగాను. "ఆ కన్ను ఎందుకు మూసినావు?"

అక్క తన చేతి వంక చూసుకుంది. "మూసినానా? ఏమోమే. అలవాటయి ఉంటాది. ఎవరూ నేర్పలేదు."

చేతులు తుడుచుకుంటూ తనే మళ్ళీ అంది. "కన్ను తీయకుండా కూడా గుడ్లు పెట్టించొచ్చు. మాకు చదువులో చెప్పినారు. తల్లులు ఎక్కువ కావాల, మేత బాగా పెట్టాల, ఓపిక పట్టాల. ఓపికే ఎవరికీ ల్యా."

ఇంత వరకు నాకు తెలిసిన విషయం నా దగ్గరే ఉండిపోయినా ఎవరికీ నష్టం లేదు. కానీ ఆ వారంలోనే మా కాలేజీలో అంతర్ కళాశాలల వక్తృత్వ పోటీ. అంశం ముందే ప్రకటించారు: "వస్తువు వెనుక ఉన్న జంతుహింసకు కొనేవారే బాధ్యులు." ఏ పక్షాన మాట్లాడాలో ముందురోజు చీటీ తీసి తేల్చుకోవడం మా పోటీల ఆనవాయితీ. నాకు "ప్రతికూలం" వచ్చింది. నమ్మినదానికి ఎదురుగా, కొనేవారు బాధ్యులు కారని నేను వాదించాలి. చీటీ మడిచి జేబులో పెట్టుకునే లోపే రెండో సంగతి తెలిసింది. ముఖ్య అతిథి మా కాలేజీ పూర్వ విద్యార్థి. మా అక్క పనిచేసే హేచరీ యజమాని ఆయనే.

అక్కకు ఫోన్ చేశాను. కన్ను సంగతి వేదిక మీద చెప్పాలనుకుంటున్నాననీ, చెప్తే ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు తెలిసిపోతుందనీ, వద్దంటే మానేస్తాననీ చెప్పాను. అక్క తొట్ల గదిలోనే ఉన్నట్టుంది. గాలి బుడగల శబ్దం వినిపిస్తోంది.

"రేపు పొద్దున చెప్తా" అంది అక్క.

పొద్దున ఆమె ఫోన్‌లో చెప్పింది ఇంతే. "మాట్లాడు. హేచరీ పేరు ఎత్తబాక. పని చేసే చేతుల్ని తిట్టబాక. ఉన్నదున్నట్టు చెప్పు."

హాలు నిండింది. నా స్నేహితురాలు మొదటి వరుసలో కూర్చుని, నేను తడబడితే నవ్వడానికి సిద్ధంగా ఉంది. నేను నా పక్షాన్ని నిజాయితీగానే మొదలుపెట్టాను. తెలియనివాడిని బాధ్యుణ్ణి చేయడం న్యాయం కాదన్నాను. షాంపూ డబ్బా మీద కుందేలు బొమ్మయినా ఉంది. రొయ్యల బుట్ట మీద ఏ గుర్తూ లేదన్నాను. ఆ గుర్తు ఉండి ఉంటే అది ఏమి చెప్పవలసి ఉండేదో, చీకటి గదీ తొట్టీ పట్టకారూ ఎలా ఉంటాయో, ఎవరినీ నిందించకుండా చెప్పాను. అప్పుడు, ముందుగా సిద్ధం చేసుకోని ఒక వాక్యం నా వాదనలోంచే వచ్చింది.

"కాబట్టి, ఈ హాల్లోకి అడుగుపెట్టినప్పుడు మీలో ఎవరూ బాధ్యులు కారు. నా పక్షం అంతవరకు నిజం. కానీ ఇప్పుడు మీరు విన్నారు. ఇక్కడి నుంచి బయటికి వెళ్ళేటప్పుడు కూడా మీరు బాధ్యులు కారని వాదించడం నాకు చేతకాదు."

న్యాయనిర్ణేతలు నాకు బహుమతి ఇవ్వలేదు. ప్రతికూలంగా నిలబడి అనుకూలాన్ని గెలిపించానన్నారు. ఆ తీర్పులో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు.

ముఖ్య అతిథి మైకు ముందుకు వచ్చారు. ఆయన ముఖంలో నవ్వు లేదు.

"ఈ అమ్మాయి హేచరీ పేరు దాచినా నేను దాచను. ఆమె చెప్పింది నా హేచరీ సంగతే" అన్నారు. హాలు గుసగుసలాడింది. "వాళ్ళక్క నా దగ్గరే పనిచేస్తాది. ఈ పొద్దు తెల్లారేసరికి నా ఆఫీసు ముందు నిలబడి ఉండాది. ‘సార్, నా చెల్లెలు మాట్లాడబోతుంది, దానికి చెప్పింది నేనే, చూపించింది నేనే. మీకు ఇంకొకరి నోట తెలియకూడదని వచ్చినా’ అనింది. నాకు కోపమొచ్చింది. ఇప్పుడు కూడా ఉండాది." ఆయన మైకు సర్దుకున్నారు. "పిల్ల కొనే రైతు ధర అడుగుతాడు, బతుకుతాయా అని అడుగుతాడు. కన్ను గురించి ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. అడిగేవాళ్ళు ఉంటే ఆలోచిస్తా. ముందు వాళ్ళక్కకే ఒక తొట్టి ఇస్తుండా. కన్ను తీయకుండా చేసి చూపించమన్నా. చేయలేకపోతే మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు."

పొద్దున అక్క ఫోన్ చేసేసరికి ఆయన ఆఫీసు ముందు నిలబడి వచ్చిందని నాకు అప్పుడు తెలిసింది. నా మాట నిర్భయంగా ఉండడానికి ఆమె తన ఉద్యోగాన్ని పణంగా పెట్టింది. ఆ సంగతి నాకు చెబితే నేను ఆగిపోతానని చెప్పలేదు.

ఆ తొట్టి తేలికగా ఫలించలేదు. పక్క తొట్లలో తల్లులు గుడ్లు పెడుతుంటే, అక్క తొట్టిలోవి తిని, ఈది, ఊరుకునేవి. తోటి పనివాళ్ళు ఆటపట్టించేవారు. "ఏమక్కా, మీ దొరసానమ్మలు ఇంకా ముహూర్తం చూసుకుంటా ఉండారా?" అక్క మేత మార్చింది, మంచి మేత పెంచింది, ఎర్రదీపం ఇంకా తగ్గించింది. చివరకు ఒక రోజు ఆమె నుంచి ఒక ఫొటో వచ్చింది. ఎర్రటి వెలుతురులో, రెండు కళ్ళతో, వీపు వెంట పండిన గుడ్ల చార కనిపిస్తున్న ఒక తల్లి రొయ్య. కింద మాట ఏమీ లేదు. తరగతి గదిలో ఉన్న నేను లేచి బయటికి వెళ్ళి ఏడ్చాను.

ఇప్పటికీ ఆ హేచరీలో కళ్ళున్న తల్లులది ఒక్క తొట్టే. అది నిలబడడానికి కారణం మా చర్చి పెద్దల్లో ఒకరైన చెరువు రైతు. అక్క సంగతి విని ఆయన నేరుగా యజమానికి ఫోన్ చేశారు. "నాకు ఆ కండ్లున్న తల్లి పిల్లలే ఇయ్యి. రెండు రోజులు ఆలస్యమైతే ఆగుతా." ఆయన తర్వాత ఇంకొకరు అడిగారు. మిగతా తొట్లలో పాత పనే జరుగుతోంది. ఆ పని అక్కే చేస్తుంది. బొటనవేలు అడ్డం పెట్టే చేస్తుంది. నేను దాన్ని కప్పిపుచ్చను.

మా అమ్మ కూడా అడగడం మొదలుపెట్టింది. మా వీధికి చేపలు తెచ్చే ఆమె మొదటిసారి ఆ ప్రశ్న విని బుట్ట దించి నడుము మీద చేతులు పెట్టుకుంది. "దాని తల్లి కండ్ల సంగతి నాకేం తెల్సమ్మా? దాన్ని మీ ఇంటికి కోడల్ని చేసుకుంటావా ఏంది?" ఇద్దరూ నవ్వుకున్నారు. అమ్మ అడగడం మానలేదు. మొన్న ఆమే గేటు దగ్గర నుంచి కేకేసింది. "ఇయ్యి సముద్రపువమ్మా, వీటి తల్లుల్ని ఎవరూ పట్టుకోలేదు. చెరువు సరుకైతే కనుక్కుని చెప్తాలే, నీ బాధ పడలేకుండా ఉండా!"

ఆదివారం ప్రార్థనలో నా వరుస కొంచెం పెరిగింది. వండిన చేతుల తర్వాత, కన్ను కోల్పోయిన తల్లి కోసం, మిగిలిన కన్నుకు వేలు అడ్డం పెట్టిన నా అక్క కోసం, పళ్ళెం జరిపి నవ్విన స్నేహితురాలి కోసం, కోపం తగ్గకుండానే ఒక తొట్టి ఇచ్చిన ఆ పెద్దమనిషి కోసం స్తోత్రం చెబుతున్నాను. కూర చల్లారుతోందని నాన్న ఇప్పుడు కూడా అంటాడు.

ఈ వ్యాసం మొదలుపెట్టినప్పుడు మీకు తెలియకపోయి ఉండవచ్చు. ఇప్పుడు తెలుసు. రొయ్యలు తినడం మానమని నేను మిమ్మల్ని అడగడం లేదు; అది మీ నిర్ణయం. ఇకమీదట మార్కెట్లోనో, వీధి బుట్ట దగ్గరో, హోటల్ బల్ల ముందో రొయ్యలు కొనేటప్పుడు, అమ్మే మనిషిని నొప్పించకుండా, నవ్వుతూనే సరే, ఈ ఒక్క ప్రశ్న అడగండి: "వీటి తల్లికి రెండు కళ్ళూ ఉన్నాయా?" తెలియదంటే, కనుక్కుని చెప్పమనండి. మళ్ళీ వెళ్ళినప్పుడు మళ్ళీ అడగండి.