రైలెక్కిన కుర్చీ

ఆ రోజుల్లో ఉద్యోగం దొరకడం వేరు, కూర్చోవడానికి చోటు దొరకడం వేరు. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీ, నా దగ్గర ఆనాటి డైరీ ఉంది. (నోటి లెక్క నేనెన్నడూ చెప్పను.)

మాది వికారాబాద్. తాండూరులో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. ప్యాసింజరులో నిలబడి పోవడం, ఆఫీసులో నిలబడి రాయడం, సాయంత్రం మళ్లీ నిలబడి రావడం. పదకొండు మందికి పది కుర్చీలు, పదకొండోదాన్ని నేను. అదీ భరించేదాన్నే. కానీ మా హెడ్ క్లర్కు (మేము పెట్టుకున్న పేరు గడియారం సారు) పదిన్నరకు లేచి చూసి, సీటులో లేనివాళ్ల పేరు పక్కన ఎర్ర సిరాతో ‘లేటు’ అని రాసేవాడు. సీటే లేనిదాన్ని సీటులో ఎట్లా ఉంటాను? “సార్, మీ ముందే నిలబడ్డ గద!” అంటే, “నిలబడ్డవు బిడ్డా, కూసోలే గద. రూలంటే రూలే” అనేవాడు. నెల తిరిగేసరికి పందొమ్మిది లేట్లు. ముప్పై దాటితే ఉద్యోగం ఖాయం చేయరని టైపిస్టు అక్క చెవిలో వేసింది. నాకు మిగిలింది పదకొండు రోజులు.

మర్నాడు మా నాయిన టేకు కుర్చీ ఎత్తుకుని రైలెక్కాను. తలుపు పక్కన వేసుకుని కూర్చున్నాను. “కుర్చీకి టికెట్ ఏదమ్మా?” అన్నాడు టీసీ. “దీని మీదనే కూసున్న గద సార్, మీ రైలు సీటు నేను ముట్టలే” అన్నాను. పెట్టెంతా నవ్వింది. ఆయన పక్కవాళ్ల టికెట్లు అడుగుతూ ముందుకు పోయాడు.

పదిన్నరకు ఆ కుర్చీలో నిటారుగా ఉన్నాను. గడియారం సారు వంగి, కుర్చీ వెనకా కిందా చూశాడు. “ఆఫీసు నంబరేది? నంబరు లేనిది సీటెట్లయితది?” మళ్లీ ఎర్ర సిరా. ఇరవై. ఊరుకుంటానా? కుర్చీని ఆఫీసుకే ఇస్తున్నానని అప్పటికప్పుడు అర్జీ రాసి, స్టాకు రిజిస్టరులో ఎక్కించి, తెల్ల రంగుతో ‘47’ అని వేయించాను. (అర్జీ నకలు ఇంకా ఉంది.)

తెల్లారి పోయేసరికి నా కుర్చీలో గడియారం సారు! “మంచి కుర్చీ సీనియర్‌కు పోతది బిడ్డా. అది గూడ రూలే.” ఆయన కుర్చీ ఆయన తర్వాతి వాళ్లకు, వాళ్లది ఆ తర్వాతి వాళ్లకు, అట్లా జరుగుతూ జరుగుతూ ఒక కుంటి కుర్చీ నాకు చేరింది. కాలి కింద ఇటుక ముక్క పెట్టి కూర్చున్నాను. లేట్లు ఇరవై దగ్గరే ఆగాయి, ఉద్యోగం ఖాయమైంది.

ఇంట్లో నాయిన, “నా కుర్చేది బిడ్డా?” అన్నాడు. “దానికి ప్రమోషన్ వచ్చింది నాయినా” అన్నాను. కుర్చీకి ఒక్క రోజులో వచ్చింది. నేను హెడ్ క్లర్కునై అందులో కూర్చోవడానికి ఇరవై రెండేళ్లు పట్టింది. కూర్చున్న రోజే ఒక రూలు పెట్టాను: కొత్తవాళ్లకు ముందు కుర్చీ, తర్వాతే చేరిక కాగితం. నేను దిగేవరకు ఆ ఆఫీసులో ఒక్కరూ నిలబడలేదు.

మొన్న పింఛను పని మీద అక్కడికి పోయాను. చేరి మూడు రోజులైన పిల్ల తిరిగే కుర్చీలో ఉంది. హాజరు ఫోనులోనేనట. “గీ కుర్చీల నడుం పట్టుకుంటది అమ్మమ్మా, మార్చమని రాసిన” అంది. మంచిదే, రాయాలి. లేచి తన కుర్చీ ఇవ్వబోతే వద్దన్నాను. మూలన పాత ఫైళ్ల కింద ‘47’ కనబడింది.

“అయ్యో, అది పనికిరాదని పక్కన పెట్టిండ్రు, కూసోకుండ్రి!”

ఫైళ్లు దించి కూర్చున్నాను. కిర్రుమంది గానీ మోసింది. గోడ గడియారం చూశాను. పదిన్నరకు ఇంకా రెండు నిమిషాలుంది.

ఇవాళ కూడా నేను లేటు కాదు.