నత్తకు తెలియకూడని సంగతి

మీ బిడ్డ మీ చెవిలో చెప్పిన మాటను ఊరందరికీ పంచిపెట్టే హక్కు మీకెవరిచ్చారు?

కన్నాం గనక, పెంచుతున్నాం గనక అంటారు. న్యాయశాస్త్రం చదివినదాన్ని కాబట్టి ఆ జవాబు ఎంత పాతదో, ఎంత బలహీనమైనదో నాకు తెలుసు. ఇంతకంటే మంచి జవాబు ఒకటి మా రేవు వీధిలోనే, చేపవడలు వేయించే సొగావా తెప్పెయి ఇంట్లో దొరికింది. ఆయన కథ చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

తెప్పెయికి ముప్పై తొమ్మిదేళ్లు. అందులో పంతొమ్మిది ఒకే మూకుడు ముందు గడిచాయి. చిన్న చేపలను ముళ్లతో సహా రుబ్బడం, చేత్తో తట్టడం, నూనెలో వదలడం, రంగు తిరగ్గానే తీయడం ఆయన పని. ముంజేతుల నిండా నూనె చిందిన మచ్చలే. భార్య రిత్సుకో దీవులకు వెళ్లే పడవలో టికెట్లు చూస్తుంది. పొద్దున మొదటి పడవకే వెళ్లిపోతుంది. కూతురు ఫుకిని బాల్వాడీకి తయారుచేసి పంపడం తండ్రి వంతు. దానితోపాటే కబురు పుస్తకం కూడా ఆయన మెడకు చుట్టుకుంది.

ఇంటికీ బాల్వాడీకీ మధ్య రోజూ తిరిగే నోటుపుస్తకం అది. పొద్దున పిల్లకు జ్వరం ఉందా లేదా, నిన్న ఏం తిన్నది, ఎన్ని గంటలు పడుకుంది, ఇవన్నీ ఇంటివాళ్లు రాయాలి. సాయంత్రం టీచరు బదులు రాసి పంపుతుంది. తెప్పెయికి చదువుకునే రోజుల నుంచీ రాయడమంటే గిట్టదు. మొదటి వారం అంతా “బాగుంది” అన్న ఒక్క మాటతో నెట్టుకొచ్చారు. రెండో వారం నోమి టీచరు గుమ్మం దగ్గరే పట్టుకుంది.

“సొగావా గారూ, బాగుంది బాగుంది అని రాస్తున్నారు. ఏది బాగుందండీ? పాపా, వాతావరణమా?”

మర్నాడు ఆయన రాయకుండా నాలుగు గళ్లు గీశారు. మొదటి గడిలో పళ్లెంలో పాలకూర. రెండో గడిలో నోట్లో పాలకూర. మూడో గడిలో బాల్వాడీ గేటు, ఉబ్బిన బుగ్గ. నాలుగో గడిలో అదే బుగ్గతో టీచరుకు వంగి దణ్ణం పెడుతున్న మూడేళ్ల పిల్ల. ఆ సాయంత్రం వచ్చిన బదులులో ఒకే వాక్యం ఉంది: “పాలకూర పన్నెండు గంటలకు క్షేమంగా దొరికింది.”

అక్కడి నుంచి రోజుకు నాలుగు గళ్లు. అవి తెప్పెయికీ టీచరుకూ మధ్యనే ఉండిపోవలసినవి. ఒక వాన రోజున తడిసిన కోట్ల గందరగోళంలో ఫుకి పుస్తకం ఇంకో పిల్ల సంచిలోకి వెళ్లింది. మర్నాడు ఆ పిల్ల తల్లి క్షమాపణగా ఒక పెట్టె నారింజలు మోసుకొచ్చి తల వంచింది.

“చదవకూడదని తెలుసండీ. రెండు పేజీలే చూసి మూసేద్దామనుకున్నా. మా ఆయన లాక్కున్నాడు.”

ఆ ఆయన మా ఊరి వారపత్రికలో పనిచేస్తాడు. అలా శనివారం నాటి చివరి పేజీలో నాలుగు గళ్లు మొదలయ్యాయి. బొమ్మల్లో పాప పేరు గింజమ్మ. మూడేళ్లలో నూట యాభై రెండు వారాలు గడిచాయి. ఫుకిని సొంత పేరుతో పిలిచేవాళ్లు ఊళ్లో తగ్గిపోయారు. చేపల మార్కెట్టు త్సురుయి తాతయితే ఆ పిల్ల కనబడినప్పుడల్లా “ఏమ్మా గింజమ్మా, పరుపు ఆరిందా?” అని పలకరించేవాడు. పక్క తడిపిన బొమ్మ ఒకటి అచ్చయింది మరి.

మొన్న ఫిబ్రవరిలో మత్సుయామా నగరంలోని ఒక ప్రచురణ సంస్థ నుంచి ఇనుబుషి అనే సంపాదకురాలు వచ్చింది. ఆ బొమ్మలన్నీ పుస్తకంగా వేస్తామంది. చేపవడల దుకాణంలో, నూనె వాసన మధ్య, ఆమె నడుము దాకా వంగి నమస్కరించింది. పంతొమ్మిదేళ్లలో తన ముందు ఎవరైనా అలా వంగడం తెప్పెయి చూడలేదు. ఒప్పంద పత్రం చేతబట్టుకుని ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చారు.

“లాయరమ్మా, ఇది కాస్త చదివిపెట్టు. నాకు కళ్లు తిరుగుతున్నాయి.”

“నేనింకా లాయర్ని కాలేదండీ. పరీక్ష రెండుసార్లు పోయింది.”

“పోతే పోనీ. మాడినా చేపవడ చేపవడే.”

చదివాను. మూడో పేజీలో ఆగాను. “ఇందులో ఫుకి తరపున ఒప్పుకునేది ఎవరు?”

“నేనేగా. తండ్రిని.”

“ప్రతిఫలం పుచ్చుకునేది?”

“అదీ నేనే.”

“అడిగేదీ మీరే, సరేననేదీ మీరే. ఇదేం ఒప్పందమండీ? అద్దం ముందు నిలబడి నమస్కారం పెట్టుకోవడమే కదా!”

ఆయన తల గోక్కున్నారు. “ఆరేళ్ల పిల్లని అడగమంటావా? ఏం కావాలే అంటే మూడు పూటలా ఐస్‌క్రీం అంటుంది.”

“ఐస్‌క్రీం సంగతి అడగొద్దు. తన సంగతి అడగండి.”

“అడుగుతాలే. తొందరేముంది?” అంటూ ఆయన వెళ్లిపోయారు. తొందర నాకు ఉంది, ఆయనకు లేదు.

ఆ శనివారమే పత్రికవాళ్లు పుస్తకం కబురు ప్రకటించి, అట్ట మీదకు ఎంపికైన బొమ్మను మళ్లీ అచ్చువేశారు. అంతకు ముందు జూన్‌లో వచ్చిన బొమ్మ అది. వానలో గోడ మీద ఒక నత్త. దాని మీద తన పసుపు గొడుగు ఆనించి, తడుస్తూ ఇంటికి పోతున్న గింజమ్మ. గొడుగు పారేసుకున్నావని తల్లి తిట్టినా ఫుకి నోరు విప్పలేదు. మర్నాడు బాల్వాడీ నుంచి వస్తూ, తండ్రి భుజాల మీద కూర్చుని, ఆయన చెవిలో మాత్రం చెప్పింది. ఎవరికీ చెప్పొద్దంది. ఎందుకంటే, ఎవరైనా ఏదైనా ఇస్తే మనం బదులు ఇవ్వాలి కదా. గొడుగు తనదని నత్తకు తెలిస్తే అది కూడా ఏదో ఒకటి తేవాలి. పాపం దానికి ఇల్లు తప్ప ఏమీ లేదు. ఆ మాటలనే తెప్పెయి బొమ్మ కింద రాశారు. తెప్పెయి గీసిన బొమ్మలన్నిటిలోకీ గొప్పది అదేనని ఊరంతా అంటుంది. నేనూ అంటాను. జూన్‌లో ఫుకికి చదవడం రాదు. ఫిబ్రవరి నాటికి కూడబలుక్కుని చదవగలుగుతోంది.

సోమవారం సాయంత్రం ఫుకి దుకాణం ముందు బల్ల మీద కూర్చుని ఉండగా, త్సురుయి తాత ఒక మిఠాయి పొట్లం తెచ్చి ఒళ్లో పెట్టాడు. పైన కాగితం అంటించి ఉంది. తెప్పెయి లోపల మూకుడు దగ్గర ఉన్నారు. నూనె చప్పుడులో ఆయనకు బయటి మాటలు వినబడలేదు. నేను వెళ్లేసరికి తాత కూడా లేడు. ఫుకి బల్ల దిగి నడిచిపోతోంది. పొట్లం బల్ల మీదే ఉంది.

ఆ రోజు నుంచి ఫుకి తండ్రి భుజాలెక్కడం మానేసింది. సముద్రపు గోడ వెంట రెండడుగులు ఎడంగా నడిచేది. ఇవాళ బడిలో ఏమైందే అంటే “ఏం లేదు” అనేది. భోజనంలో ఏం పెట్టారంటే “ఏం లేదు”. పది రోజులు అదే మాట. ఏడ్చినా బాగుండును, పేచీ పెట్టినా బాగుండును అన్నారు తెప్పెయి. ఏప్రిల్‌లో పెద్ద బడిలో చేరాలి గనక, పరుపు బొమ్మ చూసి అక్కడి పిల్లలు వెక్కిరిస్తారని భయపడుతోందని ఆయన నిర్ధారించుకున్నారు.

“ఆ ఒక్కటీ తీసేస్తే సరి,” అన్నారు.

“మీరు అనుకుంటే చాలదండీ, అడగండి” అన్నాను. ఈసారి చెప్పి వదిలేయలేదు, ఆదివారం నేనే వాళ్లింటికి వెళ్లి కూర్చున్నాను.

నూట యాభై రెండు బొమ్మలూ చాపల మీద పరిచాం. అక్కర్లేనివి పక్కన పెట్టమన్నాం. ఫుకి మోకాళ్ల మీద పాకుతూ, పెదవులు కదుపుతూ, ఒక్కొక్కటే చదివింది. పాలకూర దగ్గర నవ్వింది. పరుపు బొమ్మ రాగానే తెప్పెయి ముందుకు వంగారు.

“ఇది ఉండనీ.”

“సిగ్గుగా లేదూ?” అన్నారు ఆయన.

“పరుపు నువ్వే మేడ మీద ఆరేశావుగా నాన్నా. అందరూ చూసేశారు.”

తెప్పెయి పగలబడి నవ్వారు. ఆ నవ్వు ముగియకుండానే ఫుకి నత్త బొమ్మ తీసుకుని, చాప మీద పెట్టి, దాని మీద కూర్చుంది.

“అదేంటమ్మా? పక్కన పెట్టాలి గానీ కూర్చుంటారా?” అన్నాను.

“పక్కన పెడితే అక్కా, మళ్లీ కనబడుతుంది.”

“ఎందుకు కనబడకూడదు?”

“అది చెవిలో చెప్పింది.” అంతవరకే నాతో. తరువాత తండ్రి వైపు తిరిగింది; పది రోజుల మాటలు ఒక్కసారిగా వచ్చాయి. “నువ్వు చెప్పేశావు. నత్తకి తెలిసిపోయింది. బదులు తెచ్చింది. కాగితం మీద రాసుంది, గొడుగుకు బదులుగా, నత్త, అని. ఎనిమిది నెలలు నడిచొచ్చిందంట, తాత చెప్పాడు!”

తెప్పెయి గబగబా చేతులూపారు. “అది తాత వేళాకోళం తల్లీ. నత్త ఏమీ తేలేదు.”

“నిజంగా తేలేదా?”

“ఒట్టు. తాత కొన్న మిఠాయే.”

“అయితే దానికింకా తెలీదా?”

“తెలీదు.”

ఫుకి బొమ్మ మీద నుంచి లేవలేదు. “మరి పుస్తకం వేస్తే?”

పిల్లల గోప్యత గురించి నేను యూనివర్సిటీలో నలభై పేజీల వ్యాసం రాశాను. మేడ మీద ఆరేసిన దానికీ చెవిలో చెప్పిన దానికీ మధ్య ఇంత తిన్నటి గీత అందులో ఎక్కడా లేదు. ఆ మధ్యాహ్నమే తెప్పెయి ఇనుబుషికి ఫోన్ చేశారు. ఆవిడ మర్యాదగానే మాట్లాడింది.

“సొగావా గారూ, అట్ట మీదది అదే కదండీ. మా వాళ్లందరూ ఆ నత్తను చూసే ఒప్పుకున్నారు. అది లేదంటే నేను మళ్లీ మొదటి నుంచీ అడగాలి. ఏమంటారో చెప్పలేను. రేపటిదాకా ఆలోచించుకోండి.”

ఫోన్ పెట్టగానే నేను ఎగిరాను. “ఇంకా ఆలోచించడానికేముందండీ? ఇవ్వనని ఇప్పుడే చెప్పేయండి!”

“లాయరమ్మా, నూనె కాగకముందే వడ వెయ్యకు,” అన్నారు ఆయన. గొంతులో హాస్యం లేదు. “ఆ పసుపు రంగు దొరకడానికి నేను పదకొండు సార్లు గీశాను. ఆ పుస్తకం వస్తే ఆ మూకుడు ముందు నుంచి లేవగలనేమో అనుకున్నాను. నువ్వు నీతి చెబుతున్నావు. తప్పని అనను. కానీ పోయేది నాది.”

ఆయన అన్నది నిజం.

సోమవారం, రెండో వాయి దించాక, తెప్పెయి రబ్బరు బూట్లతోనే దుకాణం వెనక్కి వెళ్లారు. పక్కన చేపల బుట్టలు కడుగుతున్నారు. ఫోన్‌లో ఇనుబుషికి బదులు చెప్పే వ్యవధి ఇవ్వకుండా, ముందే తయారుచేసుకున్నట్టు ఒకే దమ్మున మాట్లాడారు. నత్త బొమ్మ ఇవ్వనని చెప్పారు. మిగిలిన నూట యాభై ఒకటీ ఫుకి చదివి సరేనందని, అవి పనికొస్తే వేసుకోమని, రాకపోతే తిప్పి పంపమని చెప్పారు. ఇకమీదట పత్రికకైనా పుస్తకానికైనా, ఫుకి ముందుగా చూసి ఒప్పుకున్న బొమ్మ మాత్రమే తన చేతి నుంచి వెళుతుందని, పుస్తకం వస్తుందో రాదో తెలియకముందే, ఆయన చెప్పేశారు.