అక్క రాసిన డిక్షనరీ

ఉదయం ఐదూ నలభైకి మోస్రా దగ్గర, కాలువ నీళ్లు పొలాలకు ఎక్కించే మా లిఫ్టు మోటారు ఆన్ అయింది. ఆ రోజు వంతు అన్నిటికన్నా చివర పొలం ఉన్న రైతుది. వాళ్ల తాత కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్నాడు. వంతు సంగతి ముందురోజే ఆయన ఫోనుకు మెసేజీగా వెళ్లాలి. వెళ్లలేదు. ఆయన రాలేదు, నీళ్లు పక్క పొలంలోకి పోయాయి. ఆయన వరినారు అప్పటికే ఎండుముఖం పట్టింది.

మధ్యాహ్నం నిజామాబాదులో మా ఇంటికి వచ్చాడు.

"ఏమయ్యా, మీ అక్క పోయింది సరే, నా వంతు కూడా తీసుకుపోయిందా?"

ఆ మెసేజీల ప్రోగ్రాము అక్క రాసింది. ఆమె చనిపోయాక నేను చూస్తున్నాను. ఆమె చేసినవాటిలో ఇంకా నడుస్తున్నది అదొక్కటే. అది ఆగిపోకూడదనుకున్నాను.

పేరు చెబితే నంబరు ఇచ్చే డిక్షనరీ ప్రోగ్రామింగ్ భాషలో తయారుగా ఉంటుంది. అక్క దాన్నుంచి తన సొంత రకం ఒకటి పుట్టించి ఒక నియమం చేర్చింది: నంబరు ఎలా రాసి ఉన్నా ముందున్న సున్నా, మధ్యలో ఖాళీలు తీసేసి దాచాలి. రైతులను ఒక్కొక్కరిగా చేర్చినంతకాలం అది పనిచేసింది. ఈ సీజనుకు జాబితా మొత్తం ఒకేసారి ఎక్కించాం. ఆ పనిని భాష తన పాత పద్ధతిలోనే చేసుకుంటుంది. దాన్నుంచి పుట్టిన రకంలో రాసిన నియమం వైపు చూడదు. తప్పు జరిగిందని కూడా చెప్పదు. జాబితాలో సున్నాతో రాసిన ఆయన నంబరు అలాగే ఉండిపోయింది, మెసేజీ వెళ్లలేదు.

ఆ ఒక్క దారి మూయవచ్చు. అలాంటివి ఇంకా ఉన్నాయి. అందుకని భాష డిక్షనరీ నుంచి పుట్టించడమనే ఆ వారసత్వమే తీసేశాను. డిక్షనరీని లోపల పెట్టుకుని, వచ్చే ప్రతి నంబరూ అక్క నియమం దాటాకే లోపలికి వెళ్లేలా వేరే రకం రాశాను. నియమం లైన్లు ఆమె రాసినట్టే ఉంచాను. ఆయన నంబరుకు పంపి చూశాను, మెసేజీ వెళ్లింది.

ఆదివారం మోటారు షెడ్డు దగ్గర రైతులకు ఈ సంగతి చెప్పాను. ఆ చివరి పొలం రైతు అంతా విన్నాడు.

"బాగయిందంటే నేను నమ్ముతానయ్యా. నా నారు నమ్మొద్దూ?"

ఎవరో నవ్వారు. మోటారు నడిపే మనిషి నా వైపు చూడకుండా అన్నాడు: "ఫికర్ జెయ్యకు అన్నా. ఎవరి వంతుంటె వాళ్లకు నేనే ఫోన్ గొడ్త. గీ మెసేజ్‌లెందుకు మనకు?"

ఒక్క వారం చూడమని అడిగాను. ఎవరూ కాదనలేదు. ఔననలేదు కూడా.

మా లిఫ్టు కింద నీళ్ల వంతుకు ఇప్పుడు అక్క ప్రోగ్రాము వాడటం లేదు.