నిర్మలగారి అమ్మ బొమ్మ

భీమడోలు రైలు గేటు పక్క వీధిలో నిర్మలగారు ఒంటరిగా ఉండేవారు. మిషను హాస్టల్లో ఆయాగా చేసి రిటైరయ్యారు. పెళ్లి చేసుకోలేదు, నా అన్నవాళ్లు లేరు. గోడమీద అమ్మ బొమ్మ ఒకటి ఉండేది. బజారుకెళ్తే దానికి చెప్పి వెళ్లేవారు, తిరిగొచ్చి కూరగాయల ధరలు దానితోనే మొరపెట్టుకునేవారు. ఇరుగుపొరుగు నవ్వుకునేవారు. నవ్వేవాళ్లకేం, మాట్లాడుకోడానికి ఇంటినిండా మనుషులున్నారు.

ఆవిడకి ఆరేళ్లప్పుడు అమ్మానాన్నా కలరాతో పోతే ఏలూరు హాస్టల్లో చేర్చారు. ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు. అమ్మ ముఖం గుర్తురావడం లేదని ఏడుస్తుంటే, డ్రాయింగు టీచరు ఎస్తేరుగారు ఈ బొమ్మ తెచ్చి చేతిలో పెట్టారు.

"మీ అమ్మేనే. చర్చిలో చూసి వేశాను" అన్నారు.

ఆ రోజుల్లో టీచరుగారి బొమ్మల్ని పట్టించుకున్న నాథుడు లేడు. ఆవిడ పోయాక సగం చెదలు తినేశాయి. 2007 నాటికి, మరుగునపడ్డ ఆడవాళ్లు వేసిన బొమ్మలకి ఉన్నట్టుండి గిరాకీ పుట్టింది. హైదరాబాదులో గ్యాలరీ నడిపే వినయ్ కొల్లేటి ఊళ్లన్నీ గాలిస్తూ నిర్మలగారింటికీ వచ్చాడు.

"ఎంతిచ్చినా ఇవ్వను బాబూ. మా అమ్మండి" అన్నారు నిర్మలగారు.

"పోనీ, ఎగ్జిబిషనుకి ఇవ్వండి. శుభ్రం చేయించి మళ్లీ తెచ్చిస్తానండి."

టీచరుగారి పేరు నలుగురికీ తెలుస్తుంది కదా అని ఒప్పుకున్నారు. బోసిగోడని చూడలేక అన్నాళ్లూ వరండాలోనే అన్నం తిన్నారు.

బొమ్మ తిరిగొచ్చింది. నుదుట రూపాయి కాసంత ఎర్రబొట్టు! నిర్మలగారి తల్లి పుట్టుకతోనే క్రైస్తవురాలు, బొట్టు పెట్టి ఎరగదు.

"ఇదెక్కడిదండీ?"

"అడుగునే ఉందండీ. ఎవరో పైన రంగు పూసి కప్పేస్తే, శుభ్రం చేసేటప్పుడు ఆ రంగు తీయించేశాను. ఈవిడ కొల్లేట్లో చేపలమ్మే మనిషి. ఈవిడవే ఇంకో రెండు బొమ్మలు దొరికాయి" అని ఫోటోలు చూపించాడు వినయ్. అదే ముఖం, అదే బొట్టు, తలమీద చేపలగంప.

నిర్మలగారు ఆ ఫోటోల్ని బొమ్మ పక్కన పెట్టి చూశారు. ఇన్నేళ్లూ ఎవరితో మాట్లాడినట్టు? ఆ బొట్టు కప్పింది ఎవరో అర్థమై టీచరుగారి మీద పట్టరాని కోపం వచ్చింది. అంతలోనే, ఎవరి పిల్లో ఏడుస్తోందని, తను ముచ్చటపడి వేసుకున్న బొమ్మ మీద రంగు పూస్తూ కూర్చున్న టీచరుగారు కళ్లలో మెదిలారు. కోపం నిలబడలేదు. ఏడుపు మాత్రం ఆగలేదు.

వినయ్ కంగారుపడ్డాడు. "బాధపడకండి. దీని విలువ పెరిగిందండీ. ఇప్పుడిది అచ్చంగా ఎస్తేరుగారు వేసిన బొమ్మ."

"కాదు బాబూ" అన్నారు నిర్మలగారు. "ఆవిడ నాకోసం వేసింది మీరు చెరిపేశారు."