నాట్ల చేలో ఏడుపు

నా చిన్నప్పుడు నాట్ల రోజుల్లో మా ఊరి పసిపిల్లలు ఏడ్చేవాళ్ళు కారు. బుద్ధిమంతులై కాదు. నల్లమందు నాకించి పడుకోబెట్టేవారు.

ఈ మాట మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. తల నెరిశాక మనవరాలి పక్కన కూర్చుని, దాని పలక మీదే అక్షరాలు దిద్దుకున్నదాన్ని. వచ్చిన నాలుగు ముక్కలతో ఉన్నది ఉన్నట్టు రాస్తాను. మొన్న రేవులో పడవ కోసం నిలబడితే, ఒక పిల్లతల్లి చంకలో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. పక్కనున్న పెద్దావిడ "కాస్త మందు నాకించకపోయావా తల్లీ, హాయిగా పడుకునేవాడు కదా" అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడే ఆవిడతో దెబ్బలాడాను. ఇంటికొచ్చినా కోపం దిగలేదు. దిగదని తెలిసే పలక పక్కన పెట్టి కాగితం తీసుకున్నాను.

గన్నవరం దగ్గర ఏటి మీదుగా కాలువను దాటించి మా లంకలకు నీళ్ళు తెచ్చిన కొత్త రోజులవి. అంతకు ముందు వాన కురిస్తే నాట్లు, లేకపోతే లేదు. కాలువ వచ్చాక చెప్పిన రోజుకి చెప్పిన చేను తడుస్తోంది. తడిసిన చేను ఆగదు, దాని వెనక ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది. ఊళ్ళో వంగగలిగిన ఆడమనిషల్లా చేలోనే ఉండాలి. మా నాన్న అదే కాలువలో పడవ నడిపేవాడు. కొబ్బరికాయలు వేసుకుని వెళితే ఎప్పటికి తిరిగొచ్చేవాడో ఆయనకే తెలియదు. ఇంట్లో అమ్మ, నేను, మా తమ్ముడు, నాన్నని కన్నతల్లి మా మామ్మ. తమ్ముడికి ఇంకా మెడ నిలవలేదు. అమ్మ కామందు గారి చేలో నాటు వేసి కూలి గింజలు తెస్తేనే మాకు కుండ పొయ్యెక్కేది.

ఆ కామందు గారికి ఒక నమ్మకం ఉండేది. నాట్లు పడేటప్పుడు చేలో ఏడుపు వినపడితే వరి వెన్నులో పాలు పట్టవనీ, పంట తాలు పోతుందనీ. ఆయన తాతల నాటి నుంచీ ఉందట. అందుకని పసిపిల్లల్ని గట్టు మీదికి రానిచ్చేవారు కారు. చేనుకి దూరంగా, ఆయన పెరట్లో ఒక పశువుల పాక ఉండేది. అందులో పాత చీరలతో ఉయ్యాలలు కట్టి, పిల్లల్ని వాటిలో వేసి తల్లులు చేలోకి వెళ్ళిపోవాలి. నా ఈడు ఆడపిల్లలం ఇద్దరు ముగ్గురం కాపలా.

పొద్దెక్కేసరికి పిల్లలు ఆకలికి ఏడుపు మొదలుపెట్టేవారు. అప్పుడు కామందమ్మ గారు వచ్చేవారు. చేతిలో చిన్న సానరాయి, కొంగు ముడిలో నల్లమందు. రాయి మీద రెండు చుక్కల ఆముదం వేసి అరగదీసి, వేలితో ఒక్కొక్కరి నాలుక మీదా రాసేవారు. మాకు పెరుగన్నం కలిపి పెట్టేవారు. "అరిచి అరిచి గొంతులు పోతాయమ్మా పాపం" అనేవారు. ఆవిడ దుర్మార్గురాలు కాదు. దుర్మార్గురాలయితే ఇన్నేళ్ళు ఇంత కోపం ఉండేది కాదేమో నాకు. ఎంతో ప్రేమగా చేసేవారు ఆ పని.

కాసేపటికి పాకంతా సద్దుమణిగేది. ఉయ్యాలలు ఊపక్కర్లేదు, పాట పాడక్కర్లేదు. మేము బయట గచ్చకాయలాడుకునేవాళ్ళం. ఇంత హాయి పని ఇంకోటి లేదనుకునేదాన్ని.

మా పక్కింటి అక్కకి తొలికాన్పు ఆడపిల్ల. అక్క అంటే పెద్దదేమీ కాదు, కాపరానికి వచ్చి ఏడాదో రెండేళ్ళో. ఆ బిడ్డని రోజూ నేనే ఉయ్యాల్లో వేసేదాన్ని. ఒక సాయంత్రం అక్క చేలోంచి వచ్చి, బురద కడుక్కుని, పాలతో పైట తడిసిపోతుండగా పరుగున బిడ్డని ఎత్తుకుంది. బిడ్డ నోరు తెరవలేదు. మెడ వాలిపోయింది. చన్నీళ్ళు చల్లారు, అరికాళ్ళు రుద్దారు. ఆ బిడ్డ ఇక లేవలేదు.

ఊరు ఏమందో తెలుసా? గాలి సోకిందన్నారు కొందరు. మిగతావాళ్ళు అక్కనే అన్నారు. పిల్లని పెంచడం చేతకాని దద్దమ్మ అన్నారు, తల్లి కళ్ళు బిడ్డ మీద ఉండాలన్నారు. ఆ మాట అన్న ఆడవాళ్ళు అదే చేలో, అదే వరసలో, దాని పక్కనే వంగి నాటు వేసినవాళ్ళు. తల్లి కళ్ళు బురదలో ఉండాలని వరస కట్టించిందెవరో ఒక్కరూ అడగలేదు. మైల దినాలు తీరగానే అక్కని మళ్ళీ చేలోకి పిలిచారు. వెళ్ళింది. వెళ్ళక ఏం తింటుంది?

మా అమ్మకి ఆ రోజు నుంచీ భయం పట్టుకుంది. వరసలు కట్టించే పెద్ద పాలేరు దగ్గరికి వెళ్ళి, మా వాడికి మందొద్దండీ, మధ్యలో ఒక్కసారి వెళ్ళి పాలిచ్చి వస్తానండీ అని బతిమాలుకుంది. అతను నవ్వాడు. "నువ్వొకతివి లేస్తే నీ ఎనకాల అందరూ లేత్తారు. వరస తెగిపోద్ది. ఇట్టం లేకపోతే ఇంటికాడే కూకో, నీ చోటికి మనిషి దొరక్కపోదు" అన్నాడు. అమ్మ మర్నాడు తమ్ముడిని మళ్ళీ నా చేతికిచ్చి చేలోకి దిగింది.

తమ్ముడు చిక్కిపోవడం మొదలుపెట్టాడు. సాయంత్రం అమ్మ రొమ్ము నోట్లో పెట్టినా రెండు గుక్కలు తాగి వదిలేసి నిద్రలోకి జారేవాడు. అమ్మకి పాలు గడ్డకట్టి జ్వరం వచ్చేది. ఒకనాడు మామ్మ వాడిని ఒళ్ళో వేసుకుని, కనురెప్ప ఎత్తి చూసి, పిక్క గిల్లింది. వాడు ముఖం చిట్లించాడే గానీ ఏడవలేదు. ఆవిడే మోకాళ్ళ నొప్పులకి రోజూ అదే మందు వేసుకునేది. ఆ నిద్ర ఎలా ఉంటుందో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

"రేపు పొద్దున్న నాతో రావే. తాత కావడి దించు" అంది నాతో.

మా తాత పోయాక ఆ కావడి చూరులోనే ఉండిపోయింది. చేపలు మోసిన కావడి. రెండు పక్కలా రెండు లోతు గంపలు. మర్నాడు తల్లులు చేనుకి బయల్దేరగానే, కామందమ్మ గారు ఇంకా సానరాయి తీయకముందే, మామ్మ కావడి భుజాన వేసుకుని పాకకి వచ్చింది. గంపల్లో ఎండుగడ్డి, దాని మీద పాత బట్టలు. ఉయ్యాలల్లోంచి పిల్లల్ని ఒక్కొక్కరినీ తీసి, వంకాయలు సర్దినట్టు సర్దింది. నాతో కాపలా ఉన్న పిల్లలు నోరు వెళ్ళబెట్టి చూస్తున్నారు. గంపలకి ఇంకా చేపల కంపు పోలేదు. ఆ వాసనకే సగం మంది రాగం అందుకున్నారు.

"ఏడవండి నాయనా, గట్టిగా ఏడవండి. ఈయేళ మీ పనదే" అంది మామ్మ.

మోకాళ్ళు పట్టేసిన మనిషి, ఆ బరువుతో, కాలువ గట్టున అంత దూరం ఎలా నడిచిందో నాకిప్పటికీ తెలియదు. నేను తమ్ముడిని గుండెకి హత్తుకుని వెనకాలే నడిచాను. కాలువ పక్కన పెద్ద చేను. ఆ చేనుకి ఆ పూటే తొలినాటు. కామందు గారు ఈశాన్యం మూల పసుపు కుంకం చల్లి, కొబ్బరికాయ కొట్టి అప్పుడే లేచారు. ఆడవాళ్ళు నారు కట్టలు పట్టుకుని వరసలో వంగారు. మామ్మ ఆ గట్టు మీద, అందరికీ కనపడేటట్టు, కావడి దించింది. కావడి ఊపు ఆగేసరికి పిల్లలందరూ ఒక్కసారి రాగం ఎత్తుకున్నారు. మందు లేని ఏడుపు. నేను అంత ఏడుపు అంతకు ముందెన్నడూ వినలేదు. తమ్ముడు కూడా, పీలగానే అయినా, ఏడ్చాడు.

పెద్ద పాలేరు గట్టెంబడి పరుగెత్తుకొచ్చాడు.

"ఏటే ముసలీ, మతిపోయిందేటి? తొలినాటు కాడ ఏటీ గోల? తీసుకుపో."

"ఆయ్, తీసుకుపోతానండి. ఎక్కడికి తీసుకుపోమంటారు?"

"ఎక్కడికేటి, పాకలోకి."

"పాకలో నిద్ర దొరుకుద్దండి బాబూ. ఈళ్ళకి కావలసింది పాలండి."

కామందు గారు నెమ్మదిగా వచ్చారు. ముఖం కందగడ్డ. పిల్లల వంక చూడలేదు, చేను వంక చూశారు, ఆ ఏడుపు అప్పుడే నారులోకి దిగిపోతున్నట్టు. "ముందు ఆ నోళ్ళు మూయించు. తర్వాత మాట్లాడతాను" అన్నారు.

మామ్మ చేతులు కట్టుకుంది. "చిత్తమండి. మూయించేవాళ్ళు తమ చేలోనే వొంగున్నారండి. లెగమని తవరొక్క మాట సెలవిస్తే, చిటికెలో మూతపడతాయండి."

"వరస మధ్యలో లేవడం ఎక్కడైనా ఉందా?"

"అయితే ఏడవనిద్దామండి."

ఆయనకి రెండు భయాలు పట్టుకున్నాయి. తొలినాటు వరస తెగితే అరిష్టం, ఏడుపు సాగితే పంట నష్టం. ఆ రెండు భయాల మధ్య ఆకలితో ఉన్న పిల్లలు ఆయనకి కనపడనే లేదు. చేలో ఆడవాళ్ళు తలలు ఎత్తలేదు. ఎవరి బిడ్డ గొంతు వాళ్ళకి తెలుస్తూనే ఉంది. పాలు ఉబికి పైటలు తడిసి, ఆ చుక్కలు చేలో నీళ్ళలోనే పడుతున్నాయి. అయినా ఎవరూ కదల్లేదు. మా అమ్మా కదల్లేదు. చోటు పోతుందని. నాకు అప్పుడు అమ్మ మీదే కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో తెలిసే వయసు కాదు.

అప్పుడు వరస చివర్లోంచి పక్కింటి అక్క లేచింది.

ఆ గంపల్లో దాని బిడ్డ లేదు. అది లేవడానికి ఏ కారణమూ లేదు. చేతిలో నారు కట్ట నీళ్ళలో వదిలేసి, బురదలో ఈడ్చుకుంటూ వచ్చి, కాలువలో చేతులు కడుక్కుంది. నా చేతుల్లోంచి తమ్ముడిని తీసుకుంది. గట్టు మీద, కామందు గారికి వీపు తిప్పి కూర్చుని, వాడి నోటికి రొమ్మిచ్చింది. దానికి పాలు ఇంకా ఆగలేదు. తమ్ముడు రెండు సార్లు జారవిడిచి, మూడోసారి పట్టుకున్నాడు. గుటక వేసిన చప్పుడు నాకు వినపడింది.

"నిన్నెవరు లెగమన్నారు?" అన్నాడు పెద్ద పాలేరు. గొంతులో మునుపటి బిగువు లేదు.

అక్క తల తిప్పలేదు. "నన్ను ఇంకేం చేత్తారండి?" అంది.

ఆ మాట తర్వాత వరస దానంతటదే తెగింది. ముందు మా అమ్మ, తర్వాత ఇంకొకరు, తర్వాత అందరూ. గంపల మీద పడి ఎవరి బిడ్డని వాళ్ళు ఏరుకున్నారు. తొందరలో ఒకావిడ వేరేవాళ్ళ బిడ్డని ఎత్తుకుని, "ఇది నాది కాదే, ముక్కు సూడు" అని మార్చుకుంటే, అంతలోనే నవ్వులు కూడా వచ్చాయి. ఏడుపు ఆగింది. కామందు గారు కాసేపు నిలబడి, "కానివ్వండి, తొందరగా" అని అటు తిరిగారు. దయ కలిగి కాదు. ఏడుపు ఆగింది కనక.

ఆ నాట్లు అయ్యేదాకా పొద్దెక్కాక ఒకసారి ఆడవాళ్ళు గట్టెక్కి పాలివ్వడం ఆ చేలో ఆనవాయితీ అయింది. మిగతా చేలల్లోకి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. కొన్నిటిలోకి రానే లేదు. మా మామ్మకి ఆ ఏడు కామందు గారింట ధాన్యం దంపే పని ఇవ్వలేదు. తమ్ముడు మాత్రం బతికాడు. ఇద్దరి పాలు తాగి లావెక్కి, పెద్దయ్యాక నాన్న పడవే నడిపాడు.

ఒకటి చెప్పాలి. కామందమ్మ గారు ఆ పూటే సానరాయి పట్టుకుని గట్టు దాకా వచ్చారు. "నేనేదో మంచికే ఇచ్చాను కదే. నా పిల్లలందరినీ అలాగే పెంచుకున్నానే" అన్నారు మామ్మతో. మామ్మ దగ్గరికి వెళ్ళి, ఇంకెవరికీ వినపడకుండా, "తమరి పెద్దబాబు ఉయ్యాల్లోనే పోయేరు కదమ్మా. అప్పుడు నేనే కదండీ ఆఖరి నీళ్ళు పోసింది" అంది. నేను పక్కనే ఉన్నాను కనక విన్నాను. ఆవిడ ముఖం చూశాను. ఆవిడకి అప్పటిదాకా ఆ మందుకీ ఆ చావుకీ లంకె ఉందని తోచలేదు. సానరాయి కొంగు చాటున పెట్టుకుని వెనక్కి వెళ్ళిపోయారు. జాలిపడాల్సిందేమో. పక్కింటి బిడ్డ మెడ వాలిపోవడం చూసినదాన్ని, నాకు జాలి రాలేదు. ఇన్నేళ్ళ తర్వాతా రాలేదు.

తర్వాత నేనూ పిల్లల్ని కన్నాను. ఏడ్చే బిడ్డ మనిషిని ఎంత పీల్చేస్తుందో నాకు తెలుసు. నడుం విరిగే పని చేసి వచ్చి, పొయ్యి దగ్గర కూర్చుంటే, చంకలో ఒకటి, కాళ్ళ దగ్గర ఒకటి రాగం తీస్తే, విసిరికొట్టాలనిపించిన రోజులున్నాయి. అదే పిల్ల పాలు తాగి బొజ్జ నిండి, నా ముఖం చూసి బోసినవ్వు నవ్వితే అంతా మరిచిపోయిన రోజులూ ఉన్నాయి. పిల్లల్ని పెంచడమంటే అదీ ఇదీ కలిసే ఉంటుంది. కానీ నా ఇంట్లో ఏ బిడ్డ నోరూ మందుతో మూయించలేదు, మూయించనివ్వలేదు. నా కోడళ్ళు నన్ను గయ్యాళి అంటారు. అననీ.

ఆనాడు ఆ గట్టు మీద నాకు అంటుకున్నది ఒక్కటే, అది వదల్లేదు. ఎక్కడైనా పసిబిడ్డ అదే పనిగా ఏడుస్తుంటే అందరూ ఆ బిడ్డ వంకా, తర్వాత తల్లి వంకా చూస్తారు. నేను చుట్టూ చూస్తాను. ఆ తల్లిని లేవనివ్వకుండా నిలబడి ఉన్నది ఎవరా అని.