బడి గంట బిగించుకున్న లారీ

పోయిన వారం మా అన్న మనవడు తన బండికి కొత్త చక్రాలు తెప్పించుకున్నాడు. తెప్పించుకున్నాడంటే ఎక్కడెక్కడో తిరిగి తెచ్చాడని అనుకునేరు, అదేం లేదు. జహీరాబాద్‌లో మా ఇంటి అరుగు మీద కూర్చుని, నేనిచ్చిన టీ చల్లారేలోపు ఫోన్లో ఏదో నొక్కాడు, బోల్టులెన్ని, వాటి మధ్య ఎడమెంత అని ఫోను అడిగితే చెప్పాడు, అంతే. వాడిది ఈ చుట్టుపక్కల అందరి దగ్గరా ఉండే రకం బండి కాదు, ఎవరో అమ్ముకుంటుంటే ముచ్చటపడి కొన్న పాత పికప్పు, దాని బోల్టుల తీరే వేరు. ఇలాంటి దానికి చక్రాలు దొరుకుతాయా అని నేను భయంభయంగా అడిగితే, "దొరకకపోవుడేంది నానమ్మా, జర ఫికర్ చెయ్యకు" అని నవ్వాడు. తాత చెల్లెల్నే అయినా వాడు నన్ను నానమ్మా అనే పిలుస్తాడు. చెప్పినట్టే అట్టపెట్టెల్లో చక్రాలు గుమ్మంలోకి వచ్చాయి, వాడు పాతవి విప్పి వాటిని బిగించాడు, వేలికి ఉంగరంలా కూర్చున్నాయి. సంతోషపడాల్సింది పోయి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇదే పని కోసం మా అన్న తిరిగిన తిరుగుళ్ళు, ఆ వానాకాలం మా ఇంట్లో కమ్ముకున్న దిగులు ఒక్కసారిగా గుర్తొచ్చాయి మరి.

మా అన్న లారీ సంగతి చెప్పాలంటే ముందు దాని రూపం చెప్పాలి. మిలిటరీ వాళ్ళు వేలం వేసిన బండి అది, ఎవరో కొని, ఇంకెవరికో అమ్మి, చివరికి మా అన్న చేతికొచ్చింది. మొండి మూతి, ఎత్తయిన చక్రాలు, స్టార్ట్ చేస్తే వీధిలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేంత చప్పుడు. మా వదిన దానికి సవతి అని పేరు పెట్టింది, పెట్టకేం చేస్తుంది, మా అన్న దాని మీద పెట్టిన ప్రాణంలో పావు వంతు ఇంటి మీద పెడితే ఇల్లు బంగారమయ్యేది. కాని ఆ బండిలో ఒక గుణం ఉండేది. న్యాల్‌కల్ అవతల, కర్ణాటక సరిహద్దు దాకా, అంతా నల్లరేగడి. నాలుగు చినుకులు పడ్డాయంటే ఆ దారుల్లో ఎడ్లబండ్లు కూడా కదిలేవి కావు. అలాంటి బురదలో ఇరుసు దాకా దిగి కూడా గుర్రుమంటూ బయటికొచ్చేది ఆ ఒక్క లారీయే. అక్కడి రైతులు అల్లం తవ్వినా, చెరకు కొట్టినా మా అన్న కోసమే ఎదురుచూసేవాళ్ళు.

ఆ సరిహద్దు ఊళ్ళలో ఒకదాని బడిలోనే నాకు తొలి ఉద్యోగం. పొద్దున్నే బస్సు దిగి, చెప్పులు చేత పట్టుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని బడికి నడిచేదాన్ని. మన కాలంలో ఉద్యోగం చేసిన ఆడవాళ్ళకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. రెండు గదులు, ఒక వరండా, వరండా దూలానికి గొలుసుతో వేలాడే ఇనుప చక్రం, అదీ మా బడి. ఆ చక్రమే మా గంట. మా బడి ఆయమ్మ ఇనుప కమ్మీతో దాన్ని కొడితే ఆ ఖంగుమనే మోత ఊరు దాటి, చేలు దాటి వాగు దాకా వినపడేది. పిల్లలకే కాదు, కలుపు తీసే ఆడవాళ్ళకు, మేకల వాళ్ళకు కూడా అదే గడియారం. మధ్యాహ్నం గంట కొట్టగానే చేలల్లో ఎక్కడి వాళ్ళక్కడ సద్ది మూటలు విప్పేవారు.

అన్న లారీకి కష్టం వచ్చింది వానాకాలం మధ్యలో. ముందు చక్రం డిస్కు, అంటే టైరు ఎక్కించే ఇనుప పళ్ళెం, ఈ అంచు నుంచి ఆ అంచుకు పగిలింది. ఉన్న ఒక్క స్టెప్నీ అంతకుముందే వాడేశాడు. వేరేది కొని వేసుకోవచ్చు కదా అంటారు, అక్కడే ఉంది తిప్పలంతా. ఆ డిస్కు మధ్యలో గుండ్రంగా ఉండే రంధ్రాల్లోకి బండి బోల్టులు దూరి బిగుసుకోవాలి. ఊళ్ళో లారీలన్నిటికీ ఎనిమిదో పదో బోల్టులు; మా అన్న బండికి ఆరే, అవి కూడా ఎడమెడంగా. జహీరాబాద్ రోడ్డు మీద ఉన్న దుకాణాలన్నీ అయ్యాయి, బీదర్‌లో పాత సామాను అంగళ్ళు అయ్యాయి. చూసిన ప్రతివాడూ ఒకటే మాట, "గీ మిలిటరీ దానికి ఏడ దొర్కుతది భయ్యా, తుక్కుకు అమ్మెయ్."

అమ్మేస్తే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. అన్న మళ్ళీ ఇంకొకరి బండి మీద డ్రైవరుగా పోవాలి. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పోవాలి, తిడితే పడాలి. ఆ బతుకు నుంచి బయటపడటానికే వదిన పుస్తెలతాడు తప్ప అన్నీ ఇచ్చి ఆ బండి కొనిపించింది. సవతి అని ఎంత ఆడిపోసుకున్నా ఆ వారాల్లో ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకోవడం నేను చాలాసార్లు చూశాను.

హైదరాబాద్ తుక్కు బజారుకు పోతూ అన్న బోల్టుల అచ్చు తీసుకున్నాడు. మా ప్రాంతంలో అప్పట్లో అదే పద్ధతి. కొలబద్దలూ లెక్కలూ ఎవరికి కావాలి, బోల్టుల మీద గ్రీజు పూసి ఒక గుడ్డ పరిచి అరచేత్తో ఒత్తితే మచ్చలు పడతాయి, ఆ గుడ్డ భుజాన వేసుకుని దుకాణం దుకాణం తిరగడమే. అమ్మ తన పాత నేతచీర చింపి ఇచ్చింది. కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడ్డ బట్ట అది, లాగితే లాగినంత సాగుతుంది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ బజారులో అన్న గుడ్డను రెండు చేతులా బిగించి పట్టి చూశాడట, మచ్చలు సరిగ్గా రంధ్రాల మీద కూర్చున్నాయట, దొరికింది దొరికిందని పండగ చేసుకుంటూ డిస్కు తెచ్చాడు. ఇంటికొచ్చి బండికి పెడితే వేలెడు తేడా! అన్న అక్కడే నేల మీద కూలబడ్డాడు. అమ్మ ఆ గుడ్డను రెండు చేతులా లాగి చూసింది, మచ్చలు వేలెడు ఎడంగా జరిగాయి.

అప్పుడొచ్చింది అసలు ప్రమాదం. గ్యాసు కటింగ్ చేసే మిస్త్రీ ఒకాయన, రంధ్రాలు కోసి వెడల్పు చేస్తాను, ఎట్లాగో బిగించుకో అన్నాడు. అలా చేసిన చక్రం ఖాళీ బండికైతే సరే, అల్లం బస్తాలు నింపి గుంతల్లో దిగితే ఎప్పుడు ఊడిపోతుందో దేవుడికే తెలియాలి. అన్నకు తెలియదా? తెలుసు. తెలిసీ ఒప్పుకున్నాడు. చేలల్లో అల్లం తవ్వి కుప్పలు పోసి ఉంది, వాన విడవడం లేదు, రైతులు కబురు మీద కబురు పంపుతున్నారు. "ఏం జేస్త చెల్లే, ఆళ్ళ పంట మురిగిపోతది, నా బండి తుక్కైతది, ఏదో ఒకటి చెయ్యాలె గద" అన్నాడు. వదిన నా చేయి పట్టుకుని, బండి పోతే పోనీ, మనిషినన్నా ఉండనియ్యమని మీ అన్నకు చెప్పు అని ఏడ్చింది. నేను చెప్తే వినే మనిషైతే కదా! ఒక్క వారం ఆగు అని బతిమాలాను. చీరగుడ్డ మోసం చేసిందని, ఈసారి బడిలో బొమ్మలు గీసే దళసరి అట్ట ఇచ్చి దాని మీద అచ్చు తీయించాను. రంధ్రాలు కత్తిరించి, దారిలో ఎవరికైనా చూపిద్దామని సంచిలో పెట్టుకుని తిరిగాను.

ఆ వారంలోనే ఒకనాడు బడిలో ఆయమ్మ అన్నం గంట కొడుతోంది. రోజూ చూసేదే, రోజూ వినేదే. ఆ రోజు మాత్రం కొట్టిన దెబ్బకు ఊగుతున్న ఆ చక్రం మీద నా చూపు నిలిచిపోయింది. మధ్యలో ఆరు రంధ్రాలు. ఎడమెడంగా. పరుగున పోయి అట్ట తెచ్చి, చేత్తో గంటను ఆపి దాని మీద ఆనించాను. ఒక్క వెంట్రుక తేడా లేదు. అట్ట రంధ్రాల్లోంచి వెలుతురు నా ముఖం మీద పడింది. పంతులమ్మకు ఏమైందోనని పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు, నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియదు. ఎప్పుడో ఒక మిలిటరీ బండి ఆ వాగులో దిగబడి అక్కడే పాడుబడితే ఊరివాళ్ళు దాని చక్రం తెచ్చి బడికి కట్టారని తరువాత తెలిసింది.

హెడ్‌మాస్టరు గారు మంచివారే, కాని భయస్తులు. గంట ఊరిది, ఊరినే అడగమన్నారు. సాయంత్రం అన్న వచ్చి వరండా మెట్ల కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎవరి ముందూ తల వంచని మా అన్నను అలా చూడటం నాకు కష్టంగా తోచింది. ఊరి పెద్ద ఒకాయన, "నీ కష్టం ఎరుకే బాబూ, గని గంట పోతే పిల్లలకు, కూలోళ్ళకు పొద్దెట్ల ఎరుకైతది?" అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. అన్న తల ఊపి వెనక్కి తిరగబోయాడు.

అప్పటిదాకా స్తంభానికి ఆనుకుని నిలబడ్డ ఆయమ్మ ముందుకొచ్చింది. అంతకు ముందటేడు ఇలాంటి వానలోనే ఆమె కూతురికి కాన్పు కష్టమైతే, ఆ బురదలో ఏ బండీ రానంటే, మా అన్న లారీలో గడ్డి పరిచి జహీరాబాద్ దవాఖానకు చేర్చాడు. తల్లీబిడ్డా దక్కారు. "గీ బండి రాకుంటే నా బిడ్డ ఏడుండు? గంట లేకపోతేంది, నాకు నోరు లేదా? చేన్ల గట్టు మీద నిలవడి ఒర్రుత" అంది. అని ఎవరి జవాబు కోసమూ ఆగలేదు, బల్ల జరుపుకుని ఎక్కి గొలుసు విప్పడం మొదలుపెట్టింది. పెద్దాయన తనూ ఒక చెయ్యి వేశాడు. "బండి ఆగిన నాడు తెచ్చి మళ్ల గిక్కడ్నే కడ్త అమ్మా" అని అన్న ఆమెకు మాటిచ్చాడు.

ఆ చక్రం బండికి సరిగ్గా కూర్చుంది. ఆ రాత్రి మా ఇంట్లో అందరూ కడుపు నిండా తిన్నారు. అల్లం కుళ్ళకుండా మార్కెట్టుకు చేరింది. పగిలిన డిస్కును అన్న బడికి కట్టాడు కాని పగిలినదానికి మోత ఎక్కడిది, కొడితే డబ్బుమని చప్పుడు, అది వరండా కూడా దాటదు. ఆయమ్మ తను చెప్పినట్టే మధ్యాహ్నం కాగానే చేని గట్టెక్కి రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి అరిచేది. మా అన్న ఎవరూ అడగకుండానే ఒక అలవాటు పెట్టుకున్నాడు. మధ్యాహ్నం వేళ ఆ చుట్టుపక్కల ఎక్కడున్నా సరే, ఆ ఊరి వైపు తిరిగి పొడుగ్గా హారను కొట్టేవాడు. లారీ హారను విని ఆడవాళ్ళు సద్ది మూటలు విప్పడం ఆ ఒక్క ఊళ్ళోనే చూశాను.

చాలా ఏళ్ళు నడిచింది ఆ బండి. నాకు బదిలీలయ్యాయి, ఊళ్ళు మారాయి, ఆ దారుల్లో తారు పడింది, ఏ బండైనా పోగలిగే రోజులొచ్చాయి. అన్నకు మోకాళ్ళు పట్టేశాయి. చివరికి తుక్కువాళ్ళు వచ్చి లారీని ముక్కలు చేస్తుంటే కన్నార్పకుండా కుర్చీలో కూర్చుని చూశాడు. ఆ చక్రం దగ్గరికి రాగానే మాత్రం లేచాడు. "అన్ని తీస్కపోన్రి, గిది నాది కాదు" అని కర్ర అడ్డం పెట్టాడు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని ఆటోలో ఆ చక్రం వేసుకుని ఆ ఊరికి బయల్దేరాడు.

బడి గోడకు కరెంటు గంట పెట్టి ఉంది. దాన్ని చూసి అన్న ముఖం చిన్నబోయింది. కొత్తగా వచ్చిన కుర్ర హెడ్‌మాస్టరు సంగతంతా విని, పాత దూలానికి తనే దగ్గరుండి కట్టించాడు. కొట్టు చెల్లే అన్నాడు అన్న. కొట్టాను. అదే మోత, ఇసుమంత తగ్గలేదు, చేలన్నీ దాటి పోయింది. అది చెవిన పడి బడి వెనక ఇంట్లోంచి ఆయమ్మ గోడ పట్టుకుంటూ బయటికొచ్చింది. చూపు పూర్తిగా పోయింది ఆమెకు. తన గంట తనకు వచ్చిందని సంబరపడుతుందనుకున్నాను. ఆమె తడుముకుంటూ వచ్చి మా అన్న చెయ్యి పట్టుకుని, "బండి అయిపోయిందా బిడ్డా?" అంది. లారీ ముక్కలవుతున్నప్పుడు కూడా చెక్కుచెదరని మా అన్న, ఆమె చెయ్యి నుదుటికి ఆనించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇప్పుడు అన్న లేడు, ఆయమ్మ లేదు. మనవడి చక్రాలు ఎవరు చేశారో, ఎక్కడి నుంచి వచ్చాయో వాడికి తెలియదు, పంపినవాళ్ళకు వీడెవరో తెలియదు. ఒక చక్రం కోసం ఎవరి ముందూ చేతులు కట్టుకుని నిలబడనక్కర్లేదు, ఏ బడి గంటా మూగబోనక్కర్లేదు. మంచి కాలమే, కాదని ఎవరంటారు, మా వదిన అప్పుడు కార్చిన కన్నీళ్ళు వీడి పెళ్ళాం కార్చనక్కర్లేదు. కొత్త చక్రాలతో వాడు బండి తీసుకుని వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూశాను. ఆ బండీ ఏదో ఒకనాడు ఆగిపోతుంది కదా, ఆ రోజు గోడ పట్టుకుంటూ వచ్చి, బండి అయిపోయిందా బిడ్డా అని వాణ్ణి అడిగేవాళ్ళు ఏ ఊళ్ళో ఉంటారు?