ఫోటో కోసం ఆపిన మందు

జబ్బు పశువులకు సాయం చేస్తామనేవాళ్లకు ముందు కావలసింది జబ్బే. ఈ మాట ఇప్పుడు గొంతెత్తి అంటున్నాను గానీ, ఎనభైల చివర్లో ఆ సంగతి తెలిసి కూడా నోరు మూసుకుని తలూపిన సన్నాసుల్లో నేనొకణ్ణి.

జడ్చర్ల దాటాక రోడ్డు పక్కన మాకొక పాక ఉండేది. దాని ముందు నీళ్ల తొట్టి. ఎడ్లకు నాడాలు కొట్టే ముసలి సాయబు, మేమంతా చాచా అని పిలిచే మనిషి, అక్కడే పశువుల పుళ్లకు మందు వేసేవాడు. వేపనూనె, పసుపు, కర్పూరం. పురుగు పడితే సీతాఫలం ఆకు నూరి పెట్టేవాడు. మందుకు ఎవరినీ ఏమీ అడిగేవాడు కాదు. నేను బడిపంతుల్ని, ఇంగ్లీషులో ఉత్తరం రాయగలను. అందుకని పశువుల సంఘమొకటి పెట్టి, పట్నంలోని ఒక సంస్థకు గ్రాంటు కోసం దరఖాస్తులు రాసేవాణ్ణి. ఒక రేకుల షెడ్డు, కొన్ని మందులు, నెలకోసారి పశువుల డాక్టరు. అంతకు మించి అడగలేదు.

మొదటి ఏడాది ఫోటోలు పంపాం. అన్నీ చాచా నయం చేసిన ఎడ్లు, నిగనిగలాడుతున్నాయి. జవాబు వచ్చింది: మీ పశువులన్నీ ఆరోగ్యంగానే ఉన్నాయి, సహాయం అవసరమని మాకు అనిపించడం లేదు. ఔరా! నయం చేయడమే మా తప్పయింది. ఆ కాగితం చదివి ఒళ్లంతా మండిపోయింది. మండిపోయి ఏం పొడిచాను? మరుసటి ఏడు మళ్లీ రాశాను. ఈసారి తమ మనిషే వచ్చి కళ్లారా చూస్తాడన్నారు.

సరిగ్గా అప్పుడే మా ఊరామె ఒకామె ఎద్దును తోలుకొచ్చింది. ఆమె భర్త ఆనకట్టల మట్టిపనికి ఎక్కడో దూరం వలసపోయాడు. ఆమెకు ఉన్నవి అత్త, కాస్త మెట్ట చెలక, ఒక జత ఎడ్లు. ఆ జతలో ఒకదాని మెడమీద కాడి రాసుకుని అరచేతంత పుండు. మృగశిర కార్తె దగ్గర పడుతోంది.

"వాన వడేటాల్లకు మానాలె చాచా. ఆముదాలు ఏసుకోవాలె," అంది.

"పది దినాలు మందు వెడితె మానుతది బిడ్డా. నువ్వు ఫికర్ చెయ్యకు," అంటూ చాచా డబ్బా మూత తీశాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. "జర ఆగు చాచా. బేస్తారం పట్నం సారొస్తుండు. ఆయనకు పుండు కండ్లవడాలె."

చాచా నా మొహంలోకి చూశాడు. "ఎద్దు పుండు కాకికి ముద్దంటరు సార్. మనం గూడ గంతేనా?"

"నాలుగు దినాలల్ల ఏం గాదు. గ్రాంటొస్తె మండలంల ఉన్న ఎడ్లన్నిటికి మందొస్తది."

ఎంత తియ్యగా చెప్పానో! షెడ్డు మీద ఆశ ఆయనకూ ఉంది, మూత పెట్టేశాడు. ఆమె మాత్రం నన్నే నమ్మింది. "మీరు సదువుకున్నోళ్లు, మీకెరుకే గద సారూ," అని ఎద్దును తోలుకుపోయింది.

బేస్తవారం ఆయన రాలేదు. సోమవారం వస్తానని టెలిగ్రాం వచ్చింది. సోమవారమూ రాలేదు. ఆ ఎదురుచూపుల్లో ఎద్దు మెడకు ఈగలు ముసిరి పురుగు పడింది. చాచా ఇక నన్ను అడగలేదు, సీతాఫలం ఆకు పట్టుకుని ఆమె ఇంటికే పోయాడు. అప్పటికే పుండు లోతుకు దిగింది. ఆ రెండో రోజే వాన పడింది. ఊరంతా చెలకల్లోకి ఉరికింది. అందరికీ అదే అదను, కిరాయికి ఎడ్లు ఎవరిస్తారు?

తీరా అప్పుడు దిగాడు ఆ మహానుభావుడు, జీపులో. ఎద్దును చూపిద్దామని ఆయన్ని ఆమె చెలకకు తీసుకుపోయాను. ఎద్దు గట్టున కట్టేసి ఉంది. చెలకలో కాడికి ఒక పక్క మంచి ఎద్దు. ఇంకో పక్క ఆమె. భుజం మీద గోనెసంచి మడత వేసుకుని, వంగి లాగుతోంది. వెనక అత్త చెలక చదును చేసే గుంటుక పట్టుకుంది.

ఆయన కెమెరా తీశాడు. ఇది చూశాక ఎవరి గుండె కరగకుండా ఉంటుంది అనుకున్నాను.

"ఆవిణ్ణి కాస్త పక్కకి జరగమనండి. మాది జంతువుల సంస్థ కదండీ, మనుషులు ఫోటోలో పడకూడదు," అన్నాడు.

రాయి తీసుకుని ఆ కెమెరా పగలగొట్టాల్సింది. నేనేం చేశాను? "అమ్మా, జర పక్కకు జరుగు," అన్నాను. థూ, నా బతుకు! ఆమె కాడి దించి పక్కకు జరిగింది. ఆయన గట్టుకు పోయి, పుండుకు దగ్గరగా వంగి, నాలుగైదు ఫోటోలు తీసి, "చాలా బాగా వచ్చిందండీ," అని మురిసిపోయాడు.

గ్రాంటు వచ్చింది. ఆ వానకాలం పోకముందే షెడ్డు లేచింది, సంస్థ పేరుతో బోర్డు లేచింది. ఆమె ఎద్దు మాత్రం మళ్లీ కాడి మోయలేదు. సంతలో ఎవరి చేతికి పోయిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ పంటకాలమంతా గుంటుకను ఆమె భుజమే లాగింది.

పట్నం నుంచి వచ్చిన మందుల పెట్టెలు విప్పుతున్న రోజు ఆమె షెడ్డు దగ్గరకు వచ్చింది. కొంగు కొంచెం పక్కకు జరిపి చాచాకు భుజం చూపించింది. కాడి రాసుకున్న చోట తోలు లేచిపోయి, ఎర్రగా, తడిగా ఉంది.

"ఎడ్ల మందు మనుషులకు వనికొస్తదా చాచా?"

చాచా తన పాత డబ్బా అందుకుని మూత తీశాడు. ఆమె ఆయన్ని చెయ్యెత్తి ఆపి, నా వైపు తిరిగింది.

"ఇప్పుడు రాసుకోవచ్చా సారూ? ఇంకెవలన్న వచ్చి సూసేదుందా?"